బల్ల ఆదివారానికి ముందు శనివారం

నేను రబ్బరు స్టాంపులు చేస్తాను. ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు కింద, మెట్ల పక్కన, నిలబడితే దుకాణం, కూర్చుంటే గూడు అనిపించేంత చోటు నాది. నాంపల్లి కోర్టుల వకీళ్ళు, చుట్టుపక్కల ఆఫీసుల గుమస్తాలు వస్తుంటారు. ‘నిజప్రతి’, ‘అందినది’, ‘ఆమోదించడమైనది’ అని ఈ ఊళ్ళో ఎన్నో కాగితాలకు మోక్షం నా చేతుల మీదుగానే దొరికింది. అవన్నీ చేసినవాణ్ణి దేవుడు ఆమోదించాడో లేదో మాత్రం చాలాకాలం నాకే తెలియలేదు.

ముద్ర సరిగ్గా పడాలంటే అక్షరం తిరగబడి ఉండాలి. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసినవాడికి ప్రతిదీ తిరగేసి చదవడం అలవాటవుతుంది. కృపను కూడా నేను అలాగే చదువుకున్నాను. దేవుడు ఊరికే ఇస్తాడు, పుచ్చుకున్నవాడు దాంతో బాగుపడతాడు అన్నది అసలు వరస. ముందు నేను బాగుపడాలి, అప్పుడు ఆయన ఇస్తాడు అన్నది నా వరస. అచ్చుతప్పు కాదు, తప్పే అచ్చయింది.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. వరుసల వారీగా లేచి, ముందున్న కొయ్య రెయిలింగు దగ్గర మోకరించి, రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. దాన్ని బల్ల ఆదివారం అంటాం. ఎవరితోనైనా తగువుంటే ముందు దాన్ని తీర్చుకుని రావాలని, మనసులో మచ్చతో బల్లకు రాకూడదని మా పెద్దల నాటి కట్టుబాటు. మంచి కట్టుబాటే. నాలాంటివాడి చేతిలో పడడం దాని దురదృష్టం. పదకొండేళ్ళు నేను బల్లకు వెళ్ళకుండా బల్లలాగే కూర్చున్నాను. నా వరుసలోని వాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని, పంచెలు సర్దుకుని నా మోకాళ్ళు దాటుకుంటూ వెళ్ళేవారు. మోకరించాల్సిన మోకాళ్ళు అడ్డుగోడలైపోయాయి. గోడ పక్కన కూర్చోవచ్చుగదా అని మీరు అడగొచ్చు. అక్కడ కూర్చుంటే నేను వెళ్ళనని అందరికీ ముందే తెలిసిపోదూ?

మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒకసారి గేటు దగ్గర ఆపి అడిగారు.

“ఏం బాబూ, బల్లకు రావడం లేదు?”

“ఇంకా అర్హత రాలేదండీ అయ్యగారూ.”

“అది బహుమతులిచ్చే బల్ల కాదు, భోజనం బల్ల. ఆకలి ఉంటే చాలు.”

“నాకు అజీర్తి ఉందండీ” అన్నాను. ఆయన నవ్వి వదిలేశారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ నెల తప్పుల చిట్టాలో అదొకటి చేరింది.

అలాగని ప్రయత్నలోపం లేదు. ప్రతి బల్ల ఆదివారానికి ముందు శనివారం నేను ఆబిడ్స్‌లో క్షమాపణల మీద బయల్దేరేవాణ్ణి. టీ చల్లగా ఉందని విసుక్కున్నందుకు ఇరానీ హోటల్ కౌంటరు దగ్గర. బండి అడ్డం పెట్టాడని గొణిగినందుకు చెప్పుల దుకాణం దగ్గర. స్టాంపు ఒక రోజు ఆలస్యమైందని కోర్టు మెట్ల మీద వకీలు దగ్గర. ఏళ్ళ తరబడి చూసి చూసి జనానికి అలవాటైపోయింది. నేను మెట్లు దిగుతుంటే లిఫ్ట్ నడిపే ఆయన అనేవాడు, “ఏంది సార్, రేపు బల్లనా?”

ఒకసారి జిరాక్సు దుకాణం ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను.

“నన్నెప్పుడు తిట్టినవ్ అన్నా?”

“మనసులో తిట్టాను.”

“మనసుల ఏమని తిట్టినవ్?”

చెప్పాను. దాంతో కొత్త తగువు మొదలైంది. ఆ నెలా బల్ల తప్పింది.

ఇలా అందరినీ చుట్టి వచ్చేవాణ్ణిగానీ, నిజంగా అడగాల్సిన క్షమాపణ నా దుకాణానికి మూడడుగుల దూరంలోనే ఉండేది. మా మధ్య ఒక్క పలచటి గోడ. అవతల గడియారాలు బాగుచేసే పెద్దాయన దుకాణం. తాతల కాలం నుంచి ఈ ఊరివాళ్ళు. నన్ను ‘తమ్మీ’ అంటాడు, నేను ‘అన్నా’ అంటాను. పొద్దున ముందొచ్చిన రోజు నా షట్టరు కూడా ఆయనే ఎత్తుతాడు. ఆయన గోడ మీద పద్నాలుగు గడియారాలున్నాయి, ఏ రెండూ ఒక మాట మీద ఉండవు. పన్నెండు కొట్టడం మొదలైతే ఆఖరిది కొట్టేసరికి పన్నెండూ ఐదు అవుతుంది. ‘బాగుచేసేవాడి గడియారాలే ఇట్లా ఉంటే ఎట్లా అన్నా’ అంటే, ‘స్టాంపులు చేసేటోనివి నీ వేళ్ళు జూస్కో’ అంటాడు. నిజమే. ఇంకుప్యాడు ఊదారంగు నా కుడిచేతికి పట్టి ముప్ఫై ఏళ్ళయింది. శనివారం సాయంత్రాలు రాయి పెట్టి తోమినా పోదు.

పదకొండేళ్ళ కిందట ఒక చలికాలం, నా బోర్డు ఆయన బోర్డుకు అడ్డొస్తుందని ఇద్దరం మాటామాటా అనుకున్నాం. మర్నాడే వాళ్ళమ్మ పోయింది. పన్నెండు రోజులు ఆయన దుకాణం మూసే ఉంది. ఆ రోజుల్లోనే కాచిగూడ నుంచి ఒక బడి హెడ్మాస్టరు వచ్చి, బడి గడియారాలన్నీ ఏటేటా చూసే పని ఈయనకు అప్పజెబుదామని ఉందని, దుకాణం ఎప్పుడు తెరుస్తారని నన్ను అడిగాడు. ఇంట్లో చావు జరిగిందని చెబితే సరిపోయేది. నా నోటికి ఏమైందో, “ఇంకేం తెరుస్తాడు సార్, దుకాణం ఎత్తేసిండు” అన్నాను. హెడ్మాస్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

పదమూడో రోజు ఆయన గుండుతో వచ్చాడు. షట్టరు ఎత్తి, అగరుబత్తి వెలిగించి, చేసిన మొదటి పని నాకు టీ పంపడం. ఆ టీ పదకొండేళ్ళు నా గొంతులోనే ఉంది.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నుంచే నేను బల్లకు వెళ్ళడం మానేశాను. ఆయన దగ్గరికీ నెలనెలా ఆ శనివారం వెళ్ళేవాణ్ణి. నీ స్టూలుకు కాలు తగిలింది అన్నా, క్షమించు. నీ పేపరు అడక్కుండా చదివాను అన్నా, క్షమించు. అసలుది మాత్రం గొంతు దాకా వచ్చి, ఆ టీ దగ్గర ఆగిపోయేది.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో. ఈ ఏడు మా అమ్మాయికి కన్ఫర్మేషన్ అయింది. చిన్నప్పుడు బాప్తిస్మం పొందిన పిల్లలు ఎదిగాక తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే ఆరాధన అది. ఆ తర్వాత వచ్చే బల్ల ఆదివారం వాళ్ళు మొదటిసారి రొట్టె తీసుకుంటారు. వాళ్ళకిరువైపులా తల్లిదండ్రులు మోకరిస్తారు. ఆ ఆదివారానికి ముందు బుధవారం, నేను అన్నం తింటుంటే అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. పదహారేళ్ళది.

“డాడీ, ఆదివారం నువ్వు నా పక్కన ఉంటవు కదా?”

“ఉంటాను. వెనక వరుసలోంచి బాగా కనిపిస్తుంది కూడా.”

“చూసేటందుకు కాదు. మోకరించేటందుకు.”

నేను పెరుగు కలుపుకున్నాను. అప్పటికే కలిపి ఉంది.

“నువ్వు రాకపోతే నేను కూడా పోను” అంది.

“అదేం మాట? నీకేమైంది?”

“నీకంటే నేనేమన్న మంచిదాన్నా డాడీ? నువ్వు శనివారం శనివారం అందరి కాళ్ళు పట్టుకుంటవు. నీకే పనికిరాకపోతే నాకెట్ల పనికొస్తది? సోమవారం ట్యూషన్ అని చెప్పి కోఠిల చాట్ తిన్న. మమ్మీకి తెల్వదు.”

“ఇప్పుడు తెలిసింది” అంది వంటగదిలోంచి మా ఆవిడ.

అమ్మాయి అటు తిరగలేదు. “క్లాసుల కృప అంటే ఏంటిదని అడిగిన్రు. అర్హత లేనోళ్ళకి ఊరికే దొరికేది అని రాసిన. అయ్యగారు శభాష్ అన్నరు. కానీ డాడీ, మా ఇంట్ల ఎప్పుడు చూడలే.”

తనేమీ నిష్ఠూరంగా అనలేదు. మార్కులు తెచ్చిన పిల్ల, పాఠం అర్థం కాలేదని చెప్పినట్టు చెప్పింది. నేను ఒక్కణ్ణే ఆకలితో కూర్చున్నాననుకున్నాను. నా పక్కన ఇంకొక విస్తరి కూడా బోర్లించి ఉందని అప్పుడే చూశాను.

శనివారం నేను ఊరంతా తిరగలేదు. లిఫ్ట్ ఆయన “ఏంది సార్” అన్నా ఆగలేదు. నేరుగా గోడ అవతలికి వెళ్ళాను. పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం పొట్ట విప్పి ఉన్నాడు.

“ఇయ్యాల ఏం తగిలింది తమ్మీ, స్టూలా, పేపరా?” అన్నాడు తలెత్తకుండా.

“అన్నా, మీ అమ్మగారు పోయినప్పుడు ఒక హెడ్మాస్టరు వచ్చాడు” అని మొదలుపెట్టాను. మొత్తం చెప్పేశాను. నా బోర్డు, నా కోపం, నేనన్న మాట, తర్వాత ఆయన పంపిన టీ. చెప్పేసి, పద్నాలుగు గడియారాలు టకటకలాడుతుంటే నిలబడ్డాను.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు, తర్వాత పొట్ట, తర్వాత స్టూలు కదిలేట్టు నవ్వాడు.

“ఔ, గిప్పుడా చెప్పేది?”

“నీకు తెలుసా?”

“తెల్వకేంది. గా హెడ్మాస్టర్ నెల దినాలకే మల్ల వచ్చిండు. ఇంకోనికి ఇస్తే ఖరాబ్ చేసిండంట. ‘మీరు దుకాణం ఎత్తేసిన్రంట కదా’ అన్నడు. ఎవరు చెప్పిన్రు సార్ అంటే నీ దిక్కు చూపించిండు. గా బడి గడియారాలు గిప్పటికీ నేనే చూస్తున్న.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“అడుగుదామనే లేచిన. గంతల నువ్వే వచ్చినవ్, స్టూలుకి కాలు తగిలిందని మాఫ్ చెయ్యమంటివి. నవ్వొచ్చింది. సరే, అసలుది కూడ అడుగుతడు, చూద్దాం అనుకున్న. పదకొండేండ్లు చూసిన తమ్మీ. నెల నెలకొక కొత్త కత పట్టుకొస్తివి గానీ గది మాత్రం తేకపోతివి.”

“కోపం రాలేదా అన్నా?”

“ఎందుకు రాలే? వచ్చింది. జర రోజులుండె, పాయె. నీ కోసం కూసుంటదా అది? నేను మాఫ్ చేసి పదేండ్ల పైనాయె. తీస్కునేటోనివి నువ్వు తీస్కోకపోతే నేనేం జెయ్యాలె?”

అప్పుడే నాలుగు కొట్టడం మొదలైంది. పద్నాలుగు గడియారాలూ తీరిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి. ఆఖరిది కొట్టేలోపు ఆయన నాకో స్టూలు జరిపాడు. ఆయన టీ తెప్పించాడు. ఈసారి దిగింది.

ఆ సాయంత్రం నాంపల్లిలోని మా ఇంటికి నడిచి వెళ్తూ, నేలకు జానెడు ఎత్తున వెళ్ళాననే అనుకున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడకు మొత్తం చెప్పి, “ఇంక నాకు ఎవరితోనూ ఏమీ లేదు. రేపు నేను బల్లకు అర్హుణ్ణి” అన్నాను.

మా ఆవిడది గుంటూరు వైపు. మాట మెత్తగా ఉంటుంది, అంచు ఉంటుంది. “అయితే రేపు దేవుడిగారి అదృష్టం అన్నమాట. ఇంతకాలానికి అర్హుడొకడు వస్తున్నాడు” అంది. నేను పట్టించుకోలేదు. కుడిచేయి ఇంకో పది నిమిషాలు ఎక్కువ తోముకుని పడుకున్నాను.

ఆదివారం పొద్దున ముగ్గురం నడిచే బయల్దేరాం. ఆదివారాల్లో ఆబిడ్స్ దుకాణాలు మూతబడి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అమ్మాయి తెల్ల చీరలో, పుస్తకాలకు కుచ్చిళ్ళు తగలకుండా ముందు నడుస్తోంది. నేను గడియారం చూసుకుంటున్నాను. తిరిగి చూస్తే మా ఆవిడ లేదు. వెనక ఒక పుస్తకాల కుప్ప దగ్గర వంగి, పాత ఎంబ్రాయిడరీ పుస్తకం ఒకటి తిరగేస్తోంది.

పదకొండేళ్ళ తర్వాత వెళ్తున్నాను. గంట మోగబోతోంది. “ఇవాళే దొరికిందా నీకు?” అన్నాను. పుస్తకాలతను, కొనడానికొచ్చిన నలుగురూ తలలెత్తారు. అక్కడ ఆగితే బాగుండేది. “నీకు దేవుడికంటే దారాలే ఎక్కువ” అని కూడా అన్నాను.

ఆవిడ పుస్తకం మూసి, ఉన్నచోటే పెట్టింది. “బల్ల మీద పరిచే గుడ్డ అంచుకు పువ్వు కోసం చూశానండీ. క్రిస్మస్‌కి కొత్తది కుడుతున్నాం కదా” అంది. అంతే. మా ముందు నడిచింది.

పద్దెనిమిది గంటలు. నా అర్హత ఆయుష్షు అది. అందులో ఏడు గంటలు నిద్రపోయాను.

చర్చిలో కూర్చున్నాక పాట ఏం పాడారో గుర్తులేదు. ఆవిడకు క్షమించమని చెబుదామంటే మధ్యలో అమ్మాయి ఉంది. చెప్పినా, అదీ బల్లకు వెళ్ళడానికే చెప్పినట్టుంటుంది. నా మోకాళ్ళు మెల్లగా పాత పద్ధతిలో బిగుసుకుంటున్నాయి. వచ్చే నెల చూద్దాం అని లోపల ఒక గొంతు అంటోంది. ఆ గొంతు నాకు బాగా తెలిసినదే. ఇన్నేళ్ళూ దాన్ని నేను భక్తి అనుకున్నాను.

మా వరుస వంతు వచ్చింది. అమ్మాయి లేచింది. నన్ను దాటుకుని వెళ్ళలేదు. నా మోకాళ్ళ ముందు నిలబడి, “రా డాడీ” అంది చిన్నగా.

“నేను ఇప్పుడే మీ అమ్మను...”

“నేను విన్న. సందంతా విన్నది. రా.”

వెనకవాళ్ళు ఆగారు. మా ఆవిడ అటు తిరిగి చూస్తోంది. అమ్మాయి ముఖంలో, నేను లేవకపోతే తనూ కూర్చోవాల్సిందే అన్న భయం స్పష్టంగా కనిపించింది. నేను లేచాను. నిన్నటి మంచితనం చేతిలో లేదు, ఇవాళ్టి తప్పు మాత్రం ఉంది, వేడివేడిగా. అది పట్టుకునే నడిచాను.

రెయిలింగు దగ్గర అమ్మాయి మధ్యలో మోకరించాలి. ఎందుకో మా ఆవిడ వెనకనుంచి వచ్చి నా ఎడమపక్క మోకరించింది. మోచేత్తో నన్ను పొడిచి, “కాస్త జరగండి. చోటు నాక్కూడా కావాలి” అంది. ఆ పోటులో తిట్టూ ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది. పాతికేళ్ళ కాపురంలో నాకు తెలియనిదేం కాదు.

అయ్యగారు రొట్టె పళ్ళెంతో మా దగ్గరికి వచ్చారు. అమ్మాయికి ఇచ్చారు. నా ముందు ఆగారు. నేను చేతులు ఒకదాని మీద ఒకటి వేసి, కుడిచేయి కింద దాచుకుని ఉన్నాను.

“డాడీ, చేయి చాపు” అంది పక్కనుంచి అమ్మాయి.

చాపాను. రాత్రి అంతసేపు తోమినా పోని ఊదారంగు, వేళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో అలాగే ఉంది. అయ్యగారు దాన్ని చూశారు. చూసి, ఆ ఊదారంగు మధ్యలోనే తెల్లటి రొట్టెముక్క పెట్టి ముందుకు సాగారు. నా పేరూ ఊరూ అడగలేదు, నిన్నటి సంగతి అడగలేదు, పొద్దుటి సంగతి అసలే అడగలేదు.

ఏడుస్తాననుకున్నాను. నవ్వొచ్చింది. ముందు భుజాలు, తర్వాత పొట్ట. మా పెద్దాయన నవ్వే అది. ఇన్నేళ్ళూ నేను స్టూలు సంగతి, పేపరు సంగతి చెబుతుంటే అక్కడ కూడా ఎవరో ఇలాగే నవ్వాపుకుంటూ చూస్తున్నారేమో అనిపించింది. రొట్టె నోట్లో పెట్టుకున్నాను. ఎదురుగా బల్ల మీది పాత గుడ్డ అంచు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. కొత్తది నిజంగానే కావాలి.

ఆరాధన అయ్యాక గేటు బయట ఆవిడను క్షమించమన్నాను. ఇప్పుడు దానివల్ల నాకు ఒరిగేదేమీ లేదు, రొట్టె తినేశాను. అందుకేనేమో మాట సాఫీగా వచ్చింది. “ముందు పుస్తకం ఉందో లేదో చూడండి” అంది. ముగ్గురం గబగబా వెనక్కి నడిచాం. ఉంది. కుప్పలో కిందికి పోయింది గానీ ఉంది. పుస్తకాలతను నన్ను గుర్తుపట్టి, “దొరికిందా సార్, ఇయ్యాలనే?” అన్నాడు.

ఇప్పుడు కూడా నెలనెలా క్షమాపణలు అడుగుతూనే ఉన్నాను. మనిషి మారలేదు, రోజు మారింది. ఇదివరకు బల్లకు ముందు శనివారం వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు బల్ల తర్వాత సోమవారం వెళ్తున్నాను. అర్హత కోసం కాదుగదా, తొందరేం లేదు. తిన్న తిండి అరగాలి, అంతే. మొదటి సోమవారం గోడ అవతలికి వెళ్ళి, గడియారాల మీద వేసిన పాత జోకుకు క్షమించమంటే, పెద్దాయన భూతద్దం ఎత్తి చూశాడు.

“ఏంది తమ్మీ, సోమవారానికి మార్చినవా?”

“ఔ అన్నా.”

“సోమవారం గిరాకీ టైముల పరేషాన్ చేస్తవ్. శనివారమే నయముండె” అన్నాడు. అని, టీ చెప్పాడు.